అవకాశం ఇచ్చాం కదమ్మా!

"అవకాశం ఇచ్చాం కదమ్మా! మీరే రాలేదు."

ఈ మాట నాతో అన్నది ఒక సీనియర్ ప్రొఫెసర్. ఒక సదస్సులో పత్రం చదవడం ముగించి కాగితాలు సర్దుకుంటున్నాను. స్పెయిన్ పల్లెల్లో ఆడవాళ్ళు నోటికి పాడుకునే పాత కథాగేయాలకీ, మా ఎలమంచిలి చుట్టుపక్కల ఊడ్పుల్లోనూ పేరంటాల్లోనూ పాడే పాటలకీ ఉన్న పోలికల గురించి ఆ పత్రం. స్పెయిన్‌లో ఆ పాటల సేకరణకి దారి వేసిన మరియా గొయ్‌రి గురించి చెబుతూ, ఆమెకి జీవితంలో ఏనాడూ విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం దక్కలేదని ఒక వాక్యం రాశాను. సభాధ్యక్షుడిగా ఉన్న ఆయన ఆ వాక్యం దగ్గరే ఆగారు. పాటల గురించి ఒక్క మాట లేదు. "పీఠం దక్కలేదు, దక్కలేదు అని ఇప్పుడిదొక ఫ్యాషన్ అయిపోయింది. తలుపులు తెరిచే ఉన్నాయి. రావాల్సినవాళ్ళు రాలేదు. మన దగ్గర మాత్రం? నాయని కృష్ణకుమారి గారు వైస్ చాన్సలర్ కాలేదా?" అని నవ్వారు. హాల్లో కొందరు నవ్వారు. టీకి లేచారు.

అక్కడే జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు ఏ ఇంటర్వ్యూ బోర్డులో ఆయన ఎదురుగా కూర్చుంటారోనన్న భయం. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంకా గెస్ట్ ఫాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకునే దాన్ని, నాకా భయం ఉండదా? ఈ పత్రిక చదివే స్నేహితురాళ్ళలో చాలామందికి ఆ భయం రుచి తెలుసు. అప్పుడు మింగేసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

రాలేదా? వచ్చినామె కథ ముందు చెప్తాను.

ఎమిలియా పార్దో బాసాన్ 1851లో స్పెయిన్ వాయవ్య మూలనున్న లా కొరూన్యాలో పుట్టింది. కలిగిన కుటుంబం, తర్వాత కౌంటెస్ బిరుదు కూడా వచ్చింది. ఆమెని దీనురాలిగా చూపించి జాలి పుట్టించాలని నాకు లేదు. ఇంటి నిండా పుస్తకాలున్నాయి, చదివింది. కానీ ఆ కాలంలో ఆడపిల్లకి విశ్వవిద్యాలయం మెట్లు లేవు. ఫ్రెంచి నేచురలిజం మీద ఆమె రాసిన వ్యాసాలు 1883లో పుస్తకంగా వచ్చినప్పుడు పెద్ద దుమారం లేచింది. రాయడం మానెయ్యమన్నాడు భర్త. ఆమె రాయడం మానలేదు, కాపురం మానింది. 1886లో 'లోస్ పాసోస్ దె ఉయోవా' నవలతో స్పెయిన్ మొదటి వరస నవలాకారుల్లో నిలిచింది. 1892లో 'స్త్రీల గ్రంథాలయం' అనే పుస్తకాల వరస తనే మొదలుపెట్టి, స్త్రీల పరాధీనత మీద జాన్ స్టూవర్ట్ మిల్ రాసిన పుస్తకాన్ని స్పానిష్ పాఠకులకి అందించింది.

ఇంత చేసినామె స్పానిష్ రాయల్ అకాడమీ తలుపు తట్టింది. 1889లో ఒకసారి, 1892లో ఒకసారి, 1912లో ఇంకోసారి. మూడుసార్లూ మూసే ఉంది. హువాన్ వలేరా అనే పేరున్న నవలాకారుడు, ఆడవాళ్ళు అకాడమీల్లో ఎందుకు ఉండకూడదో చెప్పడానికి 1891లో ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకమే వేశాడు. తెరిచి ఉన్న తలుపుకి అంత పెద్ద గడియ ఎందుకో మరి! అంతకు ముందు 1853లో గెర్త్రూదిస్ గోమెస్ దె అవెయనేదాని కాదన్నారు. ఆ తర్వాత 1972లో మరియా మొలినెర్‌ని కాదన్నారు. మొలినెర్ లైబ్రేరియన్. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని తన చేతులతో రెండు సంపుటాల స్పానిష్ నిఘంటువు తయారుచేసింది. భాషని కాపాడటమే తమ పని అని చెప్పుకునే అకాడమీకి, నిఘంటువు రాసిన మనిషి పనికిరాలేదు. 1713లో పుట్టిన ఆ సంస్థ మొదటిసారి ఒక స్త్రీని, కవయిత్రి కార్మెన్ కొందెని, ఎన్నుకున్నది 1978లో. రెండువందల అరవై అయిదేళ్ళు.

మళ్ళీ పార్దో బాసాన్ దగ్గరికి వద్దాం. 1916లో విద్యామంత్రి హూలియో బురెల్ ఆమెని మాడ్రిడ్‌లోని సెంట్రల్ యూనివర్సిటీలో ఆచార్యురాలిగా నియమించాడు. లాటిన్ నుంచి పుట్టిన భాషల సమకాలీన సాహిత్యం ఆమె చెప్పాల్సిన విషయం. అప్పటికి ఆమెకి అరవై అయిదో ఏడు నడుస్తోంది. అధ్యాపకులు ససేమిరా అన్నారు. డిగ్రీ లేని మనిషిని మా నెత్తిన మంత్రి ఎలా కూర్చోబెడతాడు అన్నది వాళ్ళ వాదన. ఈ వాదనలో ఏమీ లేదని నేననను. నియామకాల్లో మంత్రుల వేలు పడటం ఎంత ప్రమాదమో మనకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ లెక్క చూడండి. స్పెయిన్‌లో ప్రత్యేక అనుమతుల పీడ లేకుండా ఆడవాళ్ళు విశ్వవిద్యాలయాల్లో చేరొచ్చని రాజాజ్ఞ వెలువడింది 1910 మార్చి 8న. ఆ రోజుకి ఆమె వయసు 58. డిగ్రీ ఇవ్వని కాలమంతా తలుపు మూసి ఉంచి, ముసలితనంలో డిగ్రీ ఏదమ్మా అని అడగడాన్ని ఏమంటారు?

ఆమె పాఠం డాక్టరేట్ విద్యార్థులకి ఐచ్ఛికం. అంటే వస్తే రావచ్చు, లేకపోతే లేదు. రోజులు గడిచేకొద్దీ వచ్చేవాళ్ళు కరిగిపోయారు. దేశమంతా నవలలు చదివిన రచయిత్రి ఖాళీ బల్లల ముందు మిగిలింది. 1921లో చనిపోయింది. కాబట్టి ప్రొఫెసర్ గారూ, ఆమె వచ్చింది. రానివాళ్ళు మగపిల్లలు. 'ఆడవాళ్ళు రాలేదు' అని చెప్పుకునే చరిత్రలో ఆ ఖాళీ బల్లల హాజరుపట్టీ ఎక్కడుందో ఒకసారి వెతకండి.

సరిగ్గా అదే 1851లో బెర్లిన్‌లో ఇంకో అమ్మాయి పుట్టింది, కరొలీనా మిఖాయేలిస్. జర్మన్ విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని చేర్చుకోని రోజులు. ఇంటి దగ్గరే భాషలు నేర్చుకుంది. పోర్చుగీసు కళాచరిత్రకారుణ్ణి పెళ్ళాడి పోర్తో నగరానికి వెళ్ళింది. 1904లో 'కాన్సియొనెయిరూ దా అజూదా' అనే మధ్యయుగాల పాటల ప్రతిని రెండు సంపుటాల్లో పరిష్కరించి అచ్చువేసింది. పోర్చుగీసు సాహిత్య చరిత్రకి అది ఈనాటికీ ఒక పునాది. పీఠం వచ్చింది ఎప్పుడు? 1911లో, అరవయ్యో ఏట. లిస్బన్‌లో నియమిస్తే, ఇంటికి దగ్గరని కోయింబ్రాకి మార్పించుకుని పాఠాలు చెప్పింది. పోర్చుగల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మొదటి స్త్రీగా ఆమెని చెప్పుకుంటారు. ఆ మధ్యయుగాల పాటల్లోనే ఇంకో రకం ఉంది. మగ కవులు ఆడ గొంతుతో, ప్రియుడి కోసం వేచి చూసే పిల్లలా పాడినవి. క్షేత్రయ్య పదాలు చదివిన మనకి ఇది వింత కాదు. నాకు వింతగా తోచేది వేరే. ఆడ గొంతు గురించి పీఠాల మీద కూర్చుని శతాబ్దాలు మాట్లాడిన గదుల్లోకి ఆడ మనిషి గొంతు రావడానికి 1911 దాకా పట్టింది.

ఇక నాయని కృష్ణకుమారి గారి సంగతి. ఆవిడ పేరు ఆయన నోట విన్నప్పుడు నాకు కోపం కన్నా బాధ కలిగింది. తెలుగు జానపద గేయగాథల మీద పరిశోధన చేసి, ఉస్మానియాలో ఆచార్యురాలై, 1990లలో తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలైన మనిషి. ఆవిడ గేయగాథల మీద ఏం చెప్పారో ఆ హాల్లో ఎంతమంది చదివారు? 'అగ్నిపుత్రి' కవితలు ఎంతమంది చూశారు? చదవరు. కానీ మేం ఏదైనా అడిగినప్పుడల్లా ఆవిడ ఫోటో తీసి చూపిస్తారు. ఒక స్త్రీ సాధించిన దాన్ని మిగతా స్త్రీల నోరు మూయించే గుడ్డగా వాడుకోవడం కన్నా ఆమెకి చేసే అవమానం ఇంకేముంటుంది?

నా సొంత గొడవ కొంచెం చెప్పుకోవాలి. స్పానిష్ నాకు మా ఊళ్ళో దొరకలేదు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టి, 1972లో విదేశీ భాషల్ని కలుపుకుని సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైన హైదరాబాదు సంస్థ పేరు మా కాలేజీలో ఎవరో చెప్తే మొదటిసారి విన్నాను. మన తెలుగు నేల మీద స్పానిష్ చదువు అంటే ముందు ఆ పేరే చెప్తారు. నేను అందులో సీటు తెచ్చుకున్నదాన్ని కాదు. తెలుగులో పీహెచ్‌డీ చేస్తూ, హైదరాబాదులో గది అద్దెకి తీసుకున్న రెండేళ్ళలో సాయంత్రం క్లాసుల్లో స్పానిష్ మొదలుపెట్టాను. తర్వాత నిఘంటువుతో కుస్తీపట్టి నేర్చుకున్నాను. ఉచ్చారణ ఇప్పటికీ ఎలమంచిలి స్పానిషే.

ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న: "స్పానిష్ ఎందుకమ్మా? ఎలమంచిలిలో ఎవరితో మాట్లాడతావు?" మా ఊరికి పక్కనే ఉన్న ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం రాశాడని మీరందరూ సభల్లో గర్వంగా చెప్తారు కదండీ, ఆయన ఎవరితో మాట్లాడటానికి రాశాడని ఎవరైనా అడిగారా అందామనుకున్నాను. అనలేదు. నవ్వాను. మనకి బాగా అలవాటైన ఆ నవ్వు.

రెండో ప్రశ్న: "మధ్యలో ఈ అయిదేళ్ళ గ్యాపేమిటి?"

ఆ అయిదేళ్ళలో మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. పాప పుట్టింది. ఆ అయిదేళ్ళలోనే, రాత్రి పదిన్నర తర్వాత వంటింటి గట్టు మీద కాగితాలు పరుచుకుని, పార్దో బాసాన్ కథలు పదకొండు నేరుగా స్పానిష్ నుంచి తెలుగు చేశాను. మా ఆయన బయోడేటాలో ఇవే అయిదేళ్ళు రెండు ప్రమోషన్లుగా ఉన్నాయి. అదే ఇల్లు, అదే మంచం, అదే పాప. ఆయన మంచివాడే. ఆ మాటా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కానీ మంచివాడి బయోడేటాలో గ్యాప్ రాదు, నా బయోడేటాలో వస్తుంది.

"అనువాదాలు చేశాను సార్" అన్నాను. బోర్డులో ఒకాయన కాగితం మీద ఏదో రాసుకుని, "అవి పెద్దగా రావమ్మా" అన్నారు. ఏం రావు అని తర్వాత వెతికి చూస్తే తెలిసింది. 2018 నాటి యూజీసీ నిబంధనల్లోని స్కోరు పట్టిక ఉంది కదా, భాషలు, మానవీయ శాస్త్రాలలో ఒక పరిశోధనా వ్యాసానికి పది. ఒక పుస్తకం మొత్తం అనువాదం చేస్తే ఎనిమిది. డాన్ కిహోటేని నేరుగా స్పానిష్ నుంచి హిందీలోకి తెచ్చారు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధించిన విభా మౌర్య. అంత గ్రంథాన్ని ఏళ్ళ తరబడి మోసుకొచ్చిన పని ఈ పట్టిక లెక్కలో ఎనిమిది. అదే డాన్ కిహోటే గురించి ఇంగ్లీషులో నాలుగు పుస్తకాలు చూసి ఎనిమిది పేజీల వ్యాసం రాస్తే పది. ఇల్లు కట్టినవాడి కన్నా ఇంటి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చినవాడికి రెండు మార్కులెక్కువ!

అనువాదం ఎందుకింత చవక? ఇంటి పనిలాంటిది కాబట్టి. ఇంకొకరు కన్న పిల్లని సాకడంలాగా చూస్తారు దాన్ని. కనపడదు, రోజూ చెయ్యాలి, బాగా చేస్తే ఎవరూ గమనించరు, పొరపాటు జరిగితే మాత్రం అందరూ గమనిస్తారు. భాషాశాఖల్లో ఈ పని ఎక్కువగా ఎవరు చేస్తున్నారో, ఆ శాఖలకి అధ్యక్షులుగా ఎవరు కూర్చుంటున్నారో మీ మీ విశ్వవిద్యాలయాల్లో మీరే ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి.

ఇప్పుడు మరియా గొయ్‌రి. సభాధ్యక్షుడు ఆగిపోయిన ఆ వాక్యంలోని మనిషి.

1873లో మాడ్రిడ్‌లో పుట్టింది. విశ్వవిద్యాలయంలో ముందు వట్టి శ్రోతగా కూర్చుంది. 1892లో విద్యార్థినిగా చేరడానికి అనుమతి వచ్చింది. షరతులేమిటంటే, వరండాల్లో నిలబడకూడదు, ప్రొఫెసర్ వెంటబెట్టుకుని క్లాసులోకి తీసుకెళ్ళాలి, మగపిల్లలకి దూరంగా విడిగా కూర్చోవాలి. తెరిచిన తలుపు అంటే ఇదే కాబోలు. 1896లో డిగ్రీ పూర్తి చేసింది. డాక్టరేట్ 1909లో. మధ్యలో పదమూడేళ్ళు. పెళ్ళి, పిల్లలు. మన ఇంటర్వ్యూ బోర్డు ముందుకి ఆమె వచ్చి ఉంటే మొదటి ప్రశ్న ఏమై ఉండేదో మీకు తెలుసు.

ఆ గ్యాప్‌లో ఏం జరిగిందో వినండి. 1900లో రమోన్ మెనెందెస్ పిదాల్‌ని పెళ్ళి చేసుకుంది. స్పానిష్ భాషాశాస్త్రానికి ఆయన్ని పితామహుడంటారు. కొత్త దంపతులు విహారయాత్రకి ఎక్కడికి వెళ్ళారు? 'సిద్' వీరగాథలో నాయకుడు నడిచిన దారి వెంట. దారిలో బుర్గో దె ఓస్మా అనే ఊళ్ళో ఒక చాకలి స్త్రీతో మాటల్లో పడ్డారు. గొయ్‌రి తనకి తెలిసిన ఒక పాత కథాగేయం అందుకుంది. ఆ స్త్రీ, అది మాకూ తెలుసు, ఇంకా చాలా తెలుసు అని పాడటం మొదలుపెట్టింది. అందులో ఒక పాట గొయ్‌రి ఎప్పుడూ విననిది, అచ్చులో చూడనిది. వింటూ వింటూ పోల్చుకుంది. 1497లో చిన్న వయసులో చనిపోయిన యువరాజు హువాన్ మరణం గురించిన పాట అది. కాగితం తెచ్చుకుని రాసుకున్నారు. నాలుగు వందల ఏళ్ళు ఏ పుస్తకంలోనూ చేరకుండా బట్టలుతికే మనిషి గొంతులో బతికిన పాట. కాస్టైల్ ప్రాంతంలో ఈ సంప్రదాయం ఎప్పుడో చచ్చిపోయిందని పండితులు తేల్చేసిన రోజులు. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఆ మాట తప్పని తేలింది.

తర్వాతి యాభై ఏళ్ళు వేలకొద్దీ పాటలు వచ్చి చేరాయి. పల్లెల్లో ఏ పాటలు వెతకాలో, ఎలా అడగాలో చెప్పే కరదీపికని గొయ్‌రి 1906, 1907లలో అచ్చువేసింది. పాటల్ని పోల్చి, వర్గీకరించి, కాగితాల మీద కుదురుగా అమర్చింది. ఒక బడిలో పాఠాలు చెప్పింది. ఆ భాండాగారాన్ని లోకం పిలిచే పేరు మాత్రం మెనెందెస్ పిదాల్ భాండాగారం. 1928లో ఆయన పేరుతో వచ్చిన కథాగేయాల సంకలనం స్పెయిన్‌లో ఇంటింటా చదివారు. ఆయన 1925లో అకాడమీ అధ్యక్షుడయ్యాడు. ఆయన పండితుడు కాదని నేననడం లేదు. కానీ 'భార్య సహకారంతో' అనే ఆ నాలుగు గింజల మాట ఉంది చూశారూ, మన సిద్ధాంత గ్రంథాల కృతజ్ఞతల పేజీల్లో కూడా చివర, టైపు చేసినవారికి ముందు, 'నా సతీమణి' అని వస్తుందే, దాని కింద ఎన్ని జీవితాల పరిశోధన పూడి ఉందో ఎవరైనా థీసిస్ రాయాలి.

అంతర్యుద్ధ కాలంలో, 1937లో, ఫ్రాంకో పక్షం అధికారులు ఈ కుటుంబం మీద ఒక నివేదిక తయారు చేశారు. గొయ్‌రి గొప్ప తెలివీ చదువూ అసాధారణమైన శక్తీ ఉన్న మనిషని అందులో ఒప్పుకున్నారు. మొగుణ్ణీ పిల్లల్నీ చెడగొట్టింది ఆమేనని తేల్చారు. విశ్వవిద్యాలయం ఇవ్వని గుర్తింపు నిఘా కాగితం ఇచ్చిందన్నమాట!

ఇక్కడితో ఆపేస్తే నాకు సుఖంగానే ఉంటుంది. ప్రొఫెసర్ గారికి జవాబు అయిపోయింది. కానీ గొయ్‌రి కథలో ఇంకో స్త్రీ ఉంది. ఆ చాకలి స్త్రీ పేరేమిటి? నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. బుర్గో దె ఓస్మా చాకలి స్త్రీ, అంతే. తేదీ ఉంది, ఊరుంది, పాట ఉంది, మనిషి పేరు లేదు. మొగుడి పేరు కింద గొయ్‌రి కనుమరుగైందని అంత బాధపడిన నేను, దీన్ని చాలాకాలం గమనించనే లేదు. గమనించేలా చేసింది ఎవరో చెప్తాను.

నా పీహెచ్‌డీ కోసం ఎలమంచిలి చుట్టుపక్కల పల్లెల్లో పాటలు సేకరించాను. అందులో పదకొండు పాటలు ఒకామె ఇచ్చినవే. అరవై దాటిన మనిషి, ఊడ్పులకీ కలుపుకీ వెళ్తుంది, మా మాటల్లో 'కూలికెల్లే మనిసి'. ఊడ్పు చేలో గట్టు మీద నేను రికార్డరు పట్టుకుని కూర్చుంటే, ఆమె నడుం వంచి నారు పాతుతూ పాడేది. డాక్టరేట్ వచ్చాక, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలున్న ఆ లావు పుస్తకం పట్టుకుని చూపించడానికి వెళ్ళాను. ఆమెకి చదువు రాదు. మనవరాలి చేత తన పాటలున్న చోట వెతికించింది. మనవరాలు చదివింది: "గాయని పన్నెండు. వయసు అరవై ప్రాంతం."

"నా పేరెక్కడున్నాదమ్మా?" అంది.

పన్నెండో నంబరు మీదేనండీ, పరిశోధనలో అలాగే రాస్తారు, అది శాస్త్రీయ పద్ధతి అన్నాను. మా గైడు నాకు చెప్పిన మాటే ఆమెకి అప్పజెప్పాను.

"పాటలన్నీ అట్టుకెల్లిపోనావు. నానేటి, పన్నెండో నంబరునా? రేసన్ కార్డునేటి?" అంది. కోపంగా కూడా కాదు. నవ్వుతూనే అంది. మజ్జిగిచ్చింది. తాగి వచ్చేశాను.

పేరు చెప్తే వాళ్ళకి ఇబ్బంది అవుతుందేమోనని దాచామంటారు కొందరు. నిజంగా ఇబ్బంది ఉన్న చోట దాచాల్సిందే. నేను ఆమెని అడిగానా? అడగలేదు. థీసిస్‌లో శ్రీపాదలూ వెల్చేరులూ పూర్తి పేర్లతో పాదసూచికల్లో ఉన్నారు, పుట సంఖ్యలతో సహా. పండితుడు ఒక మాట అంటే పేరు రాయకపోవడం దొంగతనం. కూలికెళ్ళే స్త్రీ పదకొండు పాటలిస్తే పేరు రాయకపోవడం శాస్త్రీయత. ఇందులో కులం లేదనీ, ఇది ఒట్టి ఆడ మగ వ్యవహారమనీ నేను చెప్తే మీరు నమ్మొద్దు. సభాధ్యక్షుడు నాకు చేసింది, అంతకు ముందే నేను ఆమెకి చేశాను. ఆయన కనీసం నా పేరు పిలిచారు.

ఆ సదస్సు పత్రాల సంకలనం తెస్తున్నారని నెల కిందట కబురు వచ్చింది. నా పత్రం తిరగరాశాను. ఊరెళ్ళి ఆమెని పేరు అడిగాను. చెప్తుంటే గుమ్మంలోంచి కోడలు అడ్డొచ్చి, ఆధార్‌లో వేరే పేరుందని సరిచెయ్యబోయింది. "ఆధారు పేరద్దు. నన్ను పాటకి పిలిసే పేరే రాయి" అంది ఆమె. అలాగే రాశాను. పత్రం మీద నా పేరు పక్కన ఆమె పేరు పెట్టి పంపాను.

సంకలనం చూస్తున్న అబ్బాయి ఫోన్ చేశాడు. మంచివాడు, నా మేలుకోరే చెప్పాడు. "మేడం, ఒక్కరి పేరే ఉంటే స్కోరు పూర్తిగా వస్తుంది. ఇద్దరి పేర్లుంటే డెబ్భై శాతమే. వచ్చే నెలలో ఇంటర్వ్యూలున్నాయి కదా. ఆవిడ పేరు కృతజ్ఞతల్లో వేద్దామా?"

కృతజ్ఞతల్లో వద్దు, పైన ఇద్దరివీ వెయ్యమన్నాను.